కవచం అంచున పసుపు

మొన్న షెడ్డులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికి వచ్చి, "అక్కా, మాకిచ్చిన పుస్తకంలో అన్నీ ఉండాయి గానీ, పని ఎట్ల చెయ్యాలో మాత్రం లేదు" అన్నారు. ఆ పుస్తకం నేనూ చూశాను. ఏ పొర మీద ఏ పొర వెయ్యాలి, ఏ జిగురు ఎంత వేడికి పట్టుకుంటుంది, ఏ కాగితం మీద ఎవరి సంతకం కావాలి, అన్నీ ఉన్నాయి. చుట్టాలు ఎలాంటి వాళ్ళో, వాళ్ళకు బట్ట అంటే ఏమిటో ఒక్క ముక్క లేదు. మనిషిని చూడకుండా రవిక కుట్టమన్నట్టుంది. అందుకని ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చింది, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారు అనే సంగతులు ఇందులో ఉండవు. ఆ శాలువా కూడా అంత మంచిదేం కాదు, వారానికే అంచు కుట్టు ఊడింది.

దూరాన ఉండి చదివేవాళ్ళ కోసం ముందు ఒక మాట. వేరే లోకం నుంచి దిగి, బంగారుపాళ్యం దగ్గర మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉంటున్నవాళ్ళనే మేం చుట్టాలంటాం. ఆఫీసు కాగితాల్లో అతిథులు అని రాస్తారు. ఎప్పుడు పోతారో చెప్పకుండా వచ్చి కూర్చున్నారు కాబట్టి మా వైపు జనం చుట్టాలన్నారు, ఆ పేరే నిలిచింది. వాళ్ళు పీల్చేది మన గాలి కాదు. ఐస్ ఫ్యాక్టరీలో గొట్టం పగిలితే కళ్ళు మండించే ఘాటు వాసన వస్తుందే, ఆ అమోనియానే వాళ్ళకు ఊపిరి. మన గాలిలోని తేమ వాళ్ళ ఒంటికి నిప్పు. మరిగే నూనె చుక్క మీద పడితే మనకెలా ఉంటుందో, మంచినీళ్ళ చుక్క పడితే వాళ్ళకలా ఉంటుంది. గుజ్జు నిలవుంచే చల్లగదులకు అమోనియా గొట్టాలు ముందే ఉన్నాయి, గోడలు గాలి చొరనివి. అందుకని అక్కడ పెట్టారు. ఆ గది దాటి బయటికి రావాలంటే ఒళ్ళంతా మూసే కవచం ఉండాలి. ఫ్యాక్టరీ పక్క షెడ్డులో ఆ కవచాలు కుట్టడం నా ఉద్యోగం. పదకొండేళ్ళు చేశాను.

నీళ్ళ సంచి

మాది కార్వేటినగరం. మా నాయన మామిడి లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టేవాడు. నేను పుట్టి పెరిగింది ఆ పట్టల మీదే. పెళ్ళయ్యాక తిరుపతిలో ఇరవై ఏళ్ళు రవికలు కుట్టాను గానీ, నా చేతికి అసలు పని నేర్పింది ఆ మందపాటి పట్టలే.

షెడ్డులోకి కుట్టేవాళ్ళు కావాలన్నప్పుడు సెల్వరాజ్ సారు పరీక్ష పెట్టాడు. ఆయన ఇంజనీరు, షెడ్డుకంతా పెద్ద. వేలూరు వైపు మనిషి. ఇంట్లో అరవం, మాతో మా తెలుగు. అందరి ముందూ తలా ఒక రెక్సిన్ ముక్క పడేసి, చేత్తో సంచి కుట్టమని, ఆ సంచుల నిండా నీళ్ళు పోసి వరసగా దూలానికి వేలాడదీశాడు. టీ తాగి వచ్చేసరికి నేలంతా మడుగైంది. నా సంచి కింద మాత్రం పొడిగా ఉంది.

"ఎవురు నేర్పించినారమ్మా?" అన్నాడు, సంచి అడుగున వేలు పెట్టి చూస్తూ.

"మా నాయన సార్. కాయ తడిస్తే రైతు ఊరుకోడని ఆయనకు బయం. ఆ బయమే నాకూ నేర్పించె."

ఆ మనిషి నవ్వడం నేను చూసింది పదకొండేళ్ళలో మూడుసార్లు. అది మొదటిసారి.

ఆ లోకపు కుట్టు

నేను చేరిన వారానికి, చుట్టాలు మొదట దిగినప్పుడు తొడుక్కున్న పాత కవచం ఒకటి మా బల్ల మీద పరిచారు. రెండు వానాకాలాలకే దాని పొరలు అక్కడక్కడా లేచిపోయాయి. దాన్ని చూసి కొత్తవి కుట్టాలి. ఆరు చేతుల గొట్టాలు ఉన్నాయి. ముందేదో వెనకేదో తెలియదు. పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టి వదిలేశాను, ఒక్కోటి ఉల్లిపొర కంటే పలచన. దాని మీద అరచెయ్యి ఆనిస్తే ముందు చల్లగా తగిలింది. కాసేపటికి గోరువెచ్చనై, మెల్లగా నా చేతి చుట్టూ సర్దుకుంది. నా చిటికెనవేలి వంకర కూడా దానిలో అచ్చు పడింది. నేను భయపడి చెయ్యి తీసేశాను. తీశాక సిగ్గేసి మళ్ళీ పెట్టాను.

"ఇది కుట్టింది కాదమ్మా, పెంచింది" అన్నాడు సారు. "ఒంటి చుట్టూ మొక్క మాదిరి పెరగతాది అంట. మన నేల మీద పెరగలేదు."

పెరిగే బట్టను చూపించి ఇలాంటిది కుట్టు అంటే ఎవరి తరం? రవికలు కుట్టుకునే దాన్ని, నాకెందుకీ పని అనుకున్నాను. ఎలాగూ చేతకాదు, చూసైనా పోదామని దాన్ని లోపలి వైపుకు తిప్పాను. మెడ అని మనం అనుకోదగ్గ చోట, లోపల, గోరంత చిరుగు. ఆ చిరుగు మీద కుట్టు. నిజమైన కుట్టు, దారంతో. సూది ఒకడుగు వెనక్కి దిగి, రెండడుగులు ముందుకు లేచింది. మళ్ళీ ఒకటి వెనక్కి, రెండు ముందుకు.

నేను బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయాను. జిగురు పట్టీలు అతికించే ఎస్తేరమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏమాయె అక్కా? కళ్ళు తిరిగినాయా?"

"సూడు మే, ఇది మా నాయన కుట్టు."

ఏ చుక్క దగ్గరో, ఏ చీకట్లోనో, ఆరు చేతుల ప్రాణి ఒకటి కూర్చుని, చిరుగు చూసుకుని, సూది వెనక్కి దింపింది. గట్టిగా నిలవాలంటే ఒకడుగు వెనక్కి పోవాలని దానికీ తెలిసింది. కార్వేటినగరంలో మా నాయనకూ తెలిసింది. వాళ్ళకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, చిరిగిన గుడ్డే చెప్పింది. ఆ రోజు నుంచి నాకు ఆ కవచమంటే భయం పోయింది, భక్తి మిగిలింది. మీకు పని కొత్తగా ఉండి చెయ్యి వణికితే ఆ పాత కవచం అడిగి తీయించుకుని, ఆ గోరంత కుట్టు చూడండి.

సంతోషానికి రెండు వేళ్ళు

నేను మొదట కుట్టింది నీలమ్మ కవచం. ఆ పేరు మేం పెట్టిందే. వాళ్ళ పేర్లు పలకడానికి మన నోరు చాలదు. నిలబడితే నా నడుము దాకా వస్తుంది. ఒంట్లో ఎముక లేదు. ఒళ్ళంతా ఒకే ఒక పొడుగాటి నీలం గుడ్డ, పట్టీలా చుట్టుకుని ఉంటుంది. ఆమె తన చేతులతో తట్టితే, వాళ్ళ గదికీ మాకూ మధ్యనున్న గాజు గోడకు ఇవతల, పలక మీద తెలుగులో అక్షరాలు పడతాయి. మనం మాట్లాడితే అటువైపు పలక తట్టి చెబుతుంది. గోడలో బిగించిన రబ్బరు చేతితొడుగుల్లో మన చేతులు దూర్చి కొలతలు తీసుకోవాలి.

నేను ఒక ఉదయం కొలతలు తీసుకుని, నెల రోజులు కష్టపడి కుట్టి, వాళ్ళ గదిలోనే తొడిగి చూశాను. తొడిగిన ఐదు నిమిషాలకు మూడో చెయ్యి దగ్గర కుట్టు పర్రున చిరిగింది. వాళ్ళ గాలిలోనే ఉంది కాబట్టి ఏమీ కాలేదు గానీ, నా తల కొట్టేసినట్టయింది. కొలతలు మళ్ళీ తీస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దారం మంచిదే. పొర మంచిదే. రెండు రోజులు బుర్ర పగలగొట్టుకున్నాక, సిగ్గు విడిచి ఆమెనే అడిగాను, "ఎందుకమ్మా చిరిగింది?" అని.

పలక మీద పడింది: "నేను పెద్దదాన్ని అయ్యాను. కొత్త బట్ట. సంతోషం."

సంతోషిస్తే వాళ్ళ ఒళ్ళు ఉబ్బుతుంది. ఏ కొలతల కాగితంలోనూ దానికి గడి లేదు. ఎదిగే పిల్లల గౌనుకు లోపల మడత వదులుతామే, అలా ప్రతి చేతి దగ్గరా రెండు వేళ్ళ మడత వదలడం అప్పటి నుంచీ మొదలుపెట్టాను. చుట్టం దిగులుగా ఉన్న రోజున తీసిన కొలతను నమ్మకండి. టేపు పట్టుకునే ముందు ఏదైనా మంచి మాట చెప్పండి. ఇది పుస్తకంలో లేదు, ఉండదు కూడా.

ఆ నీలం గుడ్డ సంగతి కూడా అప్పుడే తెలిసింది. అది చలికి వేసుకునేది కాదు, సింగారానికీ కాదు. పుట్టినప్పుడు జానెడు గుడ్డతో మొదలవుతుంది. తమవాళ్ళు పోయినప్పుడూ, ఇక కలవనంత దూరం వెళ్ళిపోయేటప్పుడూ, వాళ్ళ గుడ్డ నుంచి వేలెడు ముక్క కత్తిరించి తమ గుడ్డకు కుట్టుకుంటారు. ఎక్కువ మందిని పోగొట్టుకున్నవాళ్ళ గుడ్డ ఎక్కువ పొడుగు. నీలమ్మ గుడ్డ విప్పితే మా షెడ్డు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వస్తుంది.

నా తప్పు

ఒకరోజు నీలమ్మ ఒక కోరిక కోరింది. "పై నుంచి పడే నీరు చూడాలి. గాజు లోపల నుంచి కాదు. కింద నిలబడి."

సెల్వరాజ్ సారు ససేమిరా అన్నాడు. వాన అంటే ఆమెకు మరిగే నూనె కురిసినట్టు. కానీ ఆమె రోజూ అడిగేది. వాళ్ళ లోకంలో పై నుంచి ఏదీ పడదట. చివరికి పైవాళ్ళు ఒప్పుకున్నారు, వానకు తట్టుకునే కవచం కుట్టమని నాకు పని పడింది. ఐప్పసి వానలకు, అంటే దీపావళి నాటికి, తయారుగా ఉండాలి.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇక్కడే నేను తప్పు చేశాను. చివరి అంచు మూలలో నా కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను. విప్పిన చోట పాత సూది బొక్కలు మిగులుతాయి కాబట్టి, విప్పిన ప్రతి చోటూ ఎస్తేరమ్మకు చూపించాలి, ఆమె దాని మీద వేడి పట్టీ వెయ్యాలి. అది మా షెడ్డు నియమం. నేను చూపించలేదు. లక్ష్మక్క కుట్టు విప్పింది అని అనిపించుకోవడం ఇష్టం లేక, నేనే చిన్న పట్టీ అంటించేసి ఊరుకున్నాను. అంతే, ఉత్త గర్వం. నాకు వేరే సాకు లేదు.

పని అయిపోయాక, కొత్త బట్ట కదా, అలవాటుగా ఇంటి నుంచి తెచ్చిన పసుపు నీటి చుక్కతో తడిపి ఆ అంచు మూలకే పెట్టాను. పసుపు పెట్టకుండా కొత్త బట్ట ఎవరి ఒంటి మీదికీ పంపింది లేదు మా ఇంట్లో. లారీ పట్టలకు కూడా పెట్టేవాడు మా నాయన. సారు అది చూశాడు.

"ఏమ్మా ఇది? పెండ్లికి పోతా ఉండాదా? ఎన్ని పరీక్షలు చేసి ఒక్కో వస్తువు లోపలికి రానిస్తాము, నువ్వు వంటింట్లో పొడి తెచ్చి పూస్తివే! అది ఆమెకు పడకపోతే?"

"బయటి వైపే పెట్టినాను సార్."

"బయట గానీ యాడ గానీ! తుడువు దాన్ని."

సబ్బుతో రుద్దాను, పెట్రోలుతో రుద్దాను. పసుపు మరక పోతుందా? అందరి ముందూ తల వంచుకుని ఒక పూటంతా రుద్దాను. వేరే కవచం కుట్టే వ్యవధి లేదు. లేత పసుపు చుక్క అలాగే ఉండిపోయింది.

వాన వచ్చిన మధ్యాహ్నం ఆఫీసువాళ్ళంతా గొడుగులు పట్టుకుని మామిడితోపు పక్కన నిలబడ్డారు. కవచం తొడుక్కున్న నీలమ్మ వసారాలోకి వచ్చింది. కవచానికి ఊపిరి అందించే సిలిండరు మీద మీటరు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. సారు తలూపాడు. బయటి మడత మూసి కట్టడం నా పని, మోకాళ్ళ మీద కూర్చున్నాను. అంచు మూలన చుక్క ఎర్రగా ఉంది.

ఎవరైనా కుంకుమ పెట్టారా అనుకున్నాను ముందు. మరుక్షణం అర్థమైంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. సున్నం లాంటి ఘాటే అమోనియాదీ. లోపలి ఊపిరి ఆ మూల నుంచి బయటికి వస్తోంది. వాన మూడడుగుల దూరంలో ఉంది.

"ఆపండి సార్! లోపలికి తీసుకుపోండి!"

"ఎందుకమ్మా? ముల్లు బాగానే ఉండాది కదా."

"పసుపు ఎర్రబడింది సార్. గాలి పోతా ఉండాది."

ఆయన ముల్లు వైపు చూశాడు, చుక్క వైపు చూశాడు. వెనక పెద్దవాళ్ళంతా చూస్తున్నారు. వంటింటి పొడిని నమ్మాలా, మీటరును నమ్మాలా అన్నది ఆయన ముఖంలో కనిపిస్తోంది. నేను నోరు విప్పక తప్పలేదు. "అక్కడ నేను విప్పి కుట్టినాను సార్. ఎస్తేరమ్మకు చూపించలేదు. తప్పు నాది."

ఆయన వెంటనే నీలమ్మను లోపలికి తిప్పాడు.

కవచం విప్పి చూస్తే సూదిమొనంత బొక్క. ఆ దారినే తేమ లోపలికి చేరి, నీలమ్మ కింది చేతి మీద చింతగింజంత మేర తెల్లగా కాలిపోయింది. వానలోకి అడుగు పెట్టి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ అనుకోలేను. గాజు గోడకు నుదురు ఆనించి ఏడ్చాను, "నన్ను క్షమించు తల్లీ" అన్నాను. పలక మీద రెండు మాటలు పడ్డాయి.

"మళ్ళీ ఎప్పుడు?"

ఎస్తేరమ్మ ఆ బొక్క మీద పట్టీ వేసి, కవచం నిండా అమోనియా నింపి, వేలాడదీసింది. సాయంత్రం దాకా మేం ముగ్గురం దాని ముందే కూర్చున్నాం. పొద్దు వాలే వేళకు ఎరుపు విరిగి, చుక్క మళ్ళీ పసుపుపచ్చగా తేలింది.

"పసుపాయెనమ్మా" అన్నాడు సారు. తర్వాత మెల్లగా, "సిలిండరు పోయినంతా నింపేస్తా ఉండాది, అందుకే ముల్లు కదల్లేదు. ఎంత గాలి ఉండాదో అది చెప్తాది గానీ, యాడ పోతా ఉండాదో చెప్పదు" అన్నాడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మర్నాడు ఆయన అరవ పేపరులో చుట్టిన పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ళమ్మ ఇంట్లో కొట్టించిన పసుపు. "ప్రతి కుట్టు మీదా పెట్టమ్మా. మళ్ళీ ఎప్పుడైనా విప్పితే మాత్రం దాచిపెట్టొద్దు." తనకు తెలియనిది మన చేతిలో ఉందని ఒప్పుకున్న అధికారిని నేను ఆయన్నొక్కడినే చూశాను. మిగిలినవాళ్ళ గురించి రాయను, వాళ్ళూ ఇది చదువుతారు.

వాన

మూడో రోజు మళ్ళీ వాన పట్టింది. ఈసారి కుట్టు కుట్టుకూ పసుపు గీత. ఆమె వసారా చివర ఆగింది. ఒక చెయ్యి చాపింది. చుక్కలు దాని మీద పడి జారిపోయాయి. పసుపు పసుపుగానే ఉంది. అప్పుడు మెట్టు దిగి వానలోకి నడిచింది.

మెల్లగా ఆరు చేతులూ పైకెత్తింది. మా కళ్ళ ముందే కవచం పెరగడం మొదలైంది. సంతోషానికి నేను వదిలిన మడతలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. ఒకటి, రెండు, ఆరూ. గొడుగులు పట్టుకున్నవాళ్ళు ఎప్పుడు దించేశారో, అందరూ తడుస్తూ నిలబడ్డారు. నేను ఆమె పక్కనే ఉన్నాను, కుట్లు చూస్తూ. చీర ఒంటికి అతుక్కుపోయింది, ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి.

ఆమె నా వైపు తిరిగింది. ఎస్తేరమ్మ కొంగు కప్పి పట్టుకున్న పలక మీద అక్షరాలు పడ్డాయి.

"నీకు కవచం లేదు."

"మాకు అక్కరలేదమ్మా" అన్నాను.

"ఈ నీరు మీ అందరి మీదా పడుతుందా?"

"అందరి మీదా పడతాది."

"ఊరికే నిలబడతారా?"

నా చెయ్యి కూడా పైకెత్తి, దాన్నే చూసుకున్నాను. యాభై ఏళ్ళుగా తొడుక్కుని తిరుగుతున్న ఈ తోలు ఎంతటి కవచమో ఎన్నడూ అనుకోలేదు. ఎండ, వాన, సూదిపోటు అన్నీ తట్టుకుంది, చిరిగితే దానంతట అదే అతుక్కుంది. పెరిగే బట్టను బల్ల మీద చూసి నోరు తెరిచిన దాన్ని, అలాంటిదే ఒంటి మీద వేసుకుని ఉన్నాను. ఆమె నన్ను చూసి ఆశ్చర్యపడుతోంది. వాన ఆగేదాకా మేమిద్దరం అలాగే నిలబడ్డాం.

వేలెడు ముక్క

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు, మొదట వచ్చిన చుట్టాలను తీసుకుపోవడానికి వాళ్ళవాళ్ళు వచ్చారు. వాళ్ళలో నీలమ్మ కూడా ఉంది. వెళ్ళే రోజు ఆమె వాన కవచాన్ని అడిగి తీసుకుని, పసుపు చుక్క ఉన్న అంచు మూల కత్తిరించింది. దాన్ని తన నీలం గుడ్డ చివర పెట్టి, నేను గాజు ఇవతల నుంచి చూస్తుండగా కుట్టుకుంది. సూది ఒకడుగు వెనక్కి, రెండడుగులు ముందుకు. తర్వాత తన గుడ్డ నుంచి వేలెడు ముక్క కోసి, గాలి కలవకుండా వస్తువులు దాటించే రెండు తలుపుల పెట్టెలో పెట్టి ఇటు తోసింది. ఆ ముక్క ఎందుకిస్తారో నాకు తెలుసని ఆమెకు తెలుసు.

దాన్ని నా చీర కొంగుకు కుట్టుకుందామని ఇంటికి తెచ్చాను. సూదిలో దారం ఎక్కించాక, చెయ్యి తనంతట తానే పసుపు డబ్బా వైపు పోయింది. కొత్త ముక్క కదా. తడి పసుపు మూలకు పెట్టాను.

వేలు తీసేలోపే ఎర్రబడింది.

ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళు మండాయి. ఆమె ఊపిరి. ఆమె ఏ చుక్క దాటి పోయిందో తెలియదు, ఊపిరి మాత్రం నా అరచేతిలో ఉంది. గాలి తగిలితే ఆ ఎరుపు విరిగిపోతుందని తెలుసు కాబట్టి కుట్టుకోలేదు. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో వేసి, మూత చుట్టూ ఎస్తేరమ్మ దగ్గర అడిగి తెచ్చిన పట్టీ వేశాను.

ఇది రాస్తున్నంతసేపూ ఆ సీసా ఎదురుగా పెట్టుకున్నాను. ఇంకా ఎర్రగానే ఉంది.